మే మొదటి వారంలో ఆర్మీ ట్రైనింగ్‌కి రిపోర్ట్ చేయాలి, చేతిలో ఏడు వారాలే ఉన్నాయి, తిండి ఏం మార్చాలి, ఒళ్లు ఎట్లా సిద్ధం చేసుకోవాలి?

ఉరవకొండ_రన్నర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర ఒక పల్లె. నాకు 19 ఏళ్లు. అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాను, మే మొదటి వారంలో బెంగళూరులో ట్రైనింగ్ సెంటర్‌కి రిపోర్ట్ చేయమని లెటర్ వచ్చింది. మా ఊర్లో ఆర్మీకి పోతున్నది నేనే మొదటివాణ్ణి కాబట్టి అడగడానికి ఎవరూ లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఎత్తు 169 సెంటీమీటర్లు, బరువు 55 కిలోలు. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 24 సెకన్లలో కొట్టాను, బీమ్ (పుల్-అప్స్) 10 తీశాను. రన్నింగ్‌కి, బీమ్‌కి మార్కులు ఫుల్‌గా వచ్చాయి. కానీ ట్రైనింగ్ వేరే లెవెల్లో ఉంటుందని, సన్నగా ఉన్నవాళ్లు తట్టుకోలేరని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. అందుకే సెలెక్షన్ వచ్చినప్పటి నుంచి పరుగు పెంచేశాను. ఇంతకుముందు రోజుకి 4 కిలోమీటర్లు, ఇప్పుడు పొద్దున 8, సాయంత్రం 4, అంతా బళ్లారి రోడ్డు మీదే. ఆదివారం కూడా ఆపడం లేదు.

తిండి విషయానికొస్తే పొద్దున టీ, బొరుగులు లేదా ఉగ్గాణి, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రి సంగటి. ఆదివారం కోడికూర. మా అమ్మ రోజూ ఇంత నెయ్యి వేస్తా ఉంది. జిమ్‌కి పోయే ఫ్రెండ్ ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనమంటున్నాడు, మూడు వేలు అంట. నాన్న అప్పు చేసైనా కొనిస్తానంటున్నాడు, నాకేమో మనసు ఒప్పడం లేదు. ఇంకొకాయన బరువు పెరగడానికి మాత్రలు ఉన్నాయన్నాడు.

ఇంకొక చిన్న విషయం, కుడి మోకాలి కింద ముందర ఎముక దగ్గర పది రోజుల నుంచి కొంచెం నొప్పి. పరుగు మొదలుపెట్టినప్పుడు ఉంటుంది, వేడెక్కితే తగ్గుతుంది. అది మామూలే కదా?

---

హవల్దార్_రిటైర్డ్_కడప

శుభాకాంక్షలు అబ్బీ. నేను 1996లో చేరి 17 ఏళ్లు చేసి వచ్చాను, నా ట్రైనింగ్ నాసిక్ రోడ్ ఆర్టిలరీ సెంటర్‌లో. ఇప్పుడు పద్ధతులు కొన్ని మారినాయి, మీకు 31 వారాలు, మొదటి 10 వారాలు బేసిక్, తర్వాత అడ్వాన్స్‌డ్. అయినా ఒంటికి తగిలేది అదే.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. ర్యాలీలో నువ్వు కొట్టింది ఐదున్నర నిమిషాల పని. ట్రైనింగ్ అనేది తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి రాత్రి రోల్ కాల్ దాకా కాళ్ల మీద ఉండే పని. పీటీ, డ్రిల్, క్లాసు, సాయంత్రం గేమ్స్, మధ్యలో ఎక్కడికి పోవాలన్నా పరుగే. మన పిల్లలు చాలామంది పరుగులో బాగానే ఉంటారు, నిలబడటంలో కష్టపడతారు. గంటసేపు డ్రిల్ స్క్వేర్ మీద సావధాన్‌లో, అంటే కదలకుండా నిటారుగా నిలబడితే నడుమూ మడమలూ ఏమవుతాయో పరుగెత్తేవాడికి తెలియదు.

నాకు మొదటి వారంలోనే ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. ఉస్తాద్‌కి, అంటే ట్రైనింగ్ ఇచ్చే ఆయనకి చెప్పడానికి సిగ్గుపడి రెండు రోజులు దాచినా. బొబ్బ బూటులోనే పగిలి సాక్సు చర్మానికి అతుక్కుపోయింది, రాత్రి బ్యారక్‌లో మగ్గుతో నీళ్లు పోసి నానబెట్టి అర్ధగంట సేపు ఊడదీసుకున్నా. అదే మొదటిరోజే చెప్పి ఉంటే కట్టు కట్టి సరిపెట్టేవాళ్లు. కాబట్టి కాళ్ల సంగతి ఇప్పటినుంచే చూసుకో. గోళ్లు నేరుగా కత్తిరించు, మూలలు లోపలికి గుండ్రంగా తీయవద్దు. బూట్లు వేసుకుని పరుగెత్తడం ఈ రోజు నుంచే మొదలుపెట్టు, అలవాటు అవుతుంది.

ఇక లంగర్, అంటే అక్కడి వంటశాల తిండి. రోటీ, దాల్, సబ్జీ, అన్నం, గుడ్లు, చికెన్ అన్నీ ఉంటాయి, కడుపునిండా పెడతారు. చిక్కంతా మన నోటిదే. మాతో వచ్చిన ఇద్దరు రాయలసీమ పిల్లలు పొద్దున పూట రోటీ ముట్టక, సబ్జీలో కారం లేదని పక్కన పెట్టి, రెండు వారాల్లో సొక్కిపోయినారు. నువ్వు ఇంట్లోనే రోజుకొకపూట చపాతీ, జొన్నరొట్టె అలవాటు చేసుకో. ఆలుగడ్డ, క్యాబేజీ, రాజ్మా, సెనగలు ఏది పెట్టినా తినేటట్టు ఉండాలి. పది నిమిషాల్లో తినడం కూడా నేర్చుకోవాలి, ఫోను చూసుకుంటా అర్ధగంట తినే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్.

రాత్రి పదికల్లా పడుకుని నాలుగున్నరకి లేవడం ఇప్పటినుంచే చెయ్. హిందీ రోజూ కొంచెం విను, మాట అర్థం కాకపోతే చేసిన పనే మళ్లీ చేయిస్తారు, అప్పుడు ఒళ్లు రెండింతలు అలుస్తుంది.

---

ఆదోని_జవాన్

తమ్ముడూ, అన్నిటికంటే ముందు నువ్వు చివర్లో చిన్న విషయం అని రాసిన దాని గురించి మాట్లాడాలి. అది చిన్న విషయం కాదు.

మాది కర్నూలు జిల్లా ఆదోని. నేను కూడా అచ్చం నీలాగే చేశాను. సెలెక్ట్ అయ్యాక భయంతో రోజుకి 12, 14 కిలోమీటర్లు తారు రోడ్డు మీద, పాత షూస్‌తో. మోకాలి కింద నొప్పి వచ్చింది, ఐస్ పెట్టాను, స్ప్రే కొట్టాను, మెడికల్ షాపులో నొప్పి మాత్ర తీసుకుని మింగి పరుగెత్తాను. వేడెక్కితే తగ్గుతోంది కదా అనుకున్నా. ట్రైనింగ్‌కి పోయాక ఐదో వారంలో ఒకరోజు పొద్దున పీటీలో కాలు కింద పెట్టగానే ఎముకలో మేకు దిగినట్టు అయింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు. ప్లాస్టర్, రెస్టు, మొత్తం మూడు నెలలు. నా బ్యాచ్ వాళ్లు పాసింగ్ అవుట్ పరేడ్‌లో నడుస్తుంటే నేను గ్రౌండ్ పక్కన కూర్చుని చూశాను. రెలిగేట్ అయి వెనక బ్యాచ్‌తో మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాను. ఈ రోజు డ్యూటీలో ఉన్నాను, బాగానే ఉన్నాను, కానీ ఆ మూడు నెలలు మా ఇంట్లో వాళ్లకి నిజం చెప్పలేక నేను పడ్డ బాధ నీకు వద్దు.

ట్రైనింగ్‌లో ఫిట్‌నెస్ తక్కువైతే వాళ్లే పెంచుతారు, వాళ్ల పనే అది. దెబ్బ తగిలిన కాలుతో పోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఈ రోజే పరుగు ఆపి డాక్టర్‌కి చూపించుకో.

---

ఫిజియో_కర్నూలు

ఆదోని తమ్ముడు చెప్పిన దానికి నేను వంద శాతం ఒప్పుకుంటాను. రోజుకి 4 నుంచి ఒక్కసారిగా 12 కిలోమీటర్లకు పోయారు, రెస్ట్ డే లేదు, గట్టి రోడ్డు. ఎముకకి నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముక అట్లా కాదు. దెబ్బలు పడినప్పుడు పాత ఎముక కరిగి కొత్తది కట్టుకుంటుంది, ఆ కట్టుబడి పూర్తయ్యేలోపే మళ్లీ మళ్లీ కొడితే సన్నని పగులు వస్తుంది. సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి ఎక్కువగా ఈ మోకాలి కింది ఎముక దగ్గరే వస్తుంది.

ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచు వెంబడి పైనుంచి కిందికి నొక్కుకుంటూ రండి. జానెడు పొడవునా అక్కడక్కడా నొప్పి ఉంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్, కండరం ఎముకకి అతుక్కునే చోట వాపు. అట్లా కాకుండా రూపాయి బిళ్లంత ఒకే చోట నొక్కితే ప్రాణం పోయినట్టు ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే అదే చోట పోటు వచ్చినా స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానించాలి, అప్పుడు వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి. ఒక మాట గుర్తుపెట్టుకోండి, మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే క్లియర్ అనగానే పరుగు మొదలుపెట్టకండి, నొప్పి ఏం చెబుతోందో దాన్ని వినండి. అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు.

హవల్దార్ గారికి పెద్దరికం, అనుభవం ఉన్నాయి, కానీ బూట్లతో పరుగు విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను సార్. ఇంటి దగ్గర దొరికే బూట్లలో కుషన్ ఉండదు, సైజు కూడా అక్కడ ఇచ్చేదానితో కలవదు. ఈ కాలుతో బూట్లలో పరుగెత్తితే నొప్పి కాస్తా పగులు అవుతుంది. నొప్పి పూర్తిగా పోయాక బూట్లతో నడవడం వరకు మంచిదే, రోజుకి అర్ధగంటతో మొదలుపెట్టి గంట దాకా.

నొప్పి షిన్ స్ప్లింట్స్ మాత్రమే అని తేలితే ఇట్లా చేయండి. మొదటి రెండు వారాలు పరుగు అసలు వద్దు. ఊపిరి తగ్గిపోతుందని భయం వద్దు, సైకిల్ తొక్కండి, పొద్దున నలభై నిమిషాలు, మధ్యలో నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా. మీ దగ్గర హంద్రీ-నీవా కాలువ గట్టు ఉంటుంది కదా, ఆ మట్టిదారి బాగుంటుంది, కానీ ఈతకని కాలువలో మాత్రం దిగవద్దు. మూడో వారం నుంచి రోజు మార్చి రోజు అదే మట్టిదారిలో రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం ఇరవై నిమిషాలు. నొప్పి రాకపోతే వారానికి పదో వంతు పెంచుకుంటూ పోండి. చివరి వారం సగానికి తగ్గించేయండి, అలసట లేకుండా రిపోర్ట్ చేయాలి. షూస్ ఆరేడు వందల కిలోమీటర్లు నడిచి ఉంటే మార్చండి. ప్రోటీన్ డబ్బాకని అనుకున్న మూడు వేలు పెట్టాల్సింది అక్కడే.

పరుగు లేని రోజుల్లో బలం పెంచుకోండి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకి లేపి నెమ్మదిగా దించడం, 15 చొప్పున మూడుసార్లు, అలవాటయ్యాక ఒంటికాలితో. బస్కీలు, దండీలు, ప్లాంక్. వేపచెట్టు కొమ్మకి బీమ్ ఆపవద్దు, దానికి తోడు ఒక మోకు కట్టి వేలాడుతూ పట్టు పెంచుకోండి. లోపల బీపీఈటీ అని ఒక టెస్ట్ ఉంటుంది, లోడ్‌తో 5 కిలోమీటర్ల పరుగు, తాడు ఎక్కడం, 9 అడుగుల గుంత దూకడం అన్నీ అందులోనే. అక్కడ చాలామందికి ఊపిరి కంటే ముందు చేతి పట్టు జారిపోతుంది. ఐదో వారం నుంచి బ్యాగులో 5 కిలోలు వేసుకుని నడవండి, వెళ్లేలోపు 10 దాటనక్కర్లేదు.

---

హవల్దార్_రిటైర్డ్_కడప

ఫిజియో సార్ చెప్పింది నిజమే, ఒప్పుకుంటా. నేను అబ్బాయి కాలు నొప్పి మాట సరిగా చదవకుండానే రాసినా. మా కాలంలో నొప్పి అంటే పిరికితనం అనేవాళ్లు, దాంతో ఎంతమంది కాళ్లు పోగొట్టుకున్నారో నేను చూసినా. అబ్బీ, బూట్లతో పరుగు వద్దు. నడక చాలు.

---

డైటీషియన్_అనంతపురం

తిండి గురించి నేను చెబుతాను బాబూ. ముందు మీ నాన్నగారికి చెప్పండి, పౌడర్ కోసం అప్పు చేయాల్సిన పని లేదు.

మీకు తక్కువైంది నెయ్యి కాదు, పొద్దున పూట తిండి. టీ, బొరుగులు తిని 8 కిలోమీటర్లు పరుగెత్తితే ఒళ్లు ఎట్లా నిలుస్తుంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం బాగా కష్టం చేసే మగవాళ్లకి రోజుకి 3,470 కేలరీలు కావాలి, అది 65 కిలోల మనిషికి. మీరు 55 కిలోలైనా బరువు పెరగాలి కాబట్టి 3,000 పైనే తినాలి. ప్రోటీన్ కిలో బరువుకి 1.6 గ్రాముల లెక్కన వేసుకున్నా 88 గ్రాములు. అది మన ఇంట్లోనే వస్తుంది.

లెక్క చూడండి. మూడు గుడ్లు, 18 గ్రాములు. అర లీటరు పాలు, పెరుగుతో కలిపి, 16. గుప్పెడు చెనక్కాయ విత్తనాలు, అంటే 50 గ్రాములు, 12. పప్పు రెండు పూటలా కలిపి 60 గ్రాములు పచ్చిది, 13. ఉలవ గుగ్గిళ్లు లేదా సెనగ గుగ్గిళ్లు, 50 గ్రాములు ఎండువి నానబెట్టి ఉడికించినవి, 10. బియ్యం, రాగి, జొన్న, కొర్ర అన్నీ కలిపి రోజుకి 400 గ్రాములు తింటారు, అందులోనే 30 పైగా వస్తుంది. మొత్తం 99. చికెన్ తిన్న రోజు ఇంకా ఎక్కువ. మన జిల్లాలో చెనక్కాయ పండించి, అమ్ముకుని, ఆ డబ్బుతో ఎక్కడిదో పౌడర్ కొనుక్కోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

పొద్దున లేవగానే, పరుగుకి ముందు ఒక అరటిపండు లేదా రెండు ఖర్జూరాలు. వచ్చాక అరగంటలోపు రెండు గుడ్లు, దోసె గానీ ఉగ్గాణి గానీ తిన్నా పర్వాలేదు కానీ దాంతో గుగ్గిళ్లు ఉండాలి. పదకొండుకి చెనక్కాయలూ బెల్లమూ. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. సాయంత్రం గ్లాసు రాగిమాల్ట్, మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన రాగిపిండితో. రాత్రి సంగటి లేదా చపాతీ, ఇంకొక గుడ్డు, కూర. పడుకునే ముందు పాలు. ఒకేసారి ఇంత తింటే కడుపు ఉబ్బుతుంది, వారానికి ఒకటి చొప్పున కలుపుకుంటూ రండి. ఉలవలు కొత్తగా అయితే మొదట రోజు మార్చి రోజు. నెయ్యి రెండు చెంచాలు వేస్తే అమ్మని వద్దనకండి, అంతకు మించి వద్దు.

సంగటి మాత్రం వదలవద్దు. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూఇటూగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాదాపు లేనట్టే. మీ ఎముకకి ఇప్పుడు అదే కావాలి. విటమిన్ డి తగ్గి ఉంటే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, డాక్టర్ దగ్గరికి ఎట్లాగూ పోతున్నారు కాబట్టి రక్తపరీక్ష అడగండి. తక్కువుంటే డోసు ఆయనే చెబుతారు, సొంతంగా ఇంజెక్షన్లు వేయించుకోవద్దు.

టీ గురించి ఒక మాట. భోజనంతో గానీ, తిన్న వెంటనే గానీ టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి అందదు. గంట ఎడం ఉంచండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఐరన్ బాగా పడుతుంది.

ఇక ఎండ. ఏప్రిల్‌లో మన దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. ఒళ్లు గట్టిపడుతుందని మిట్టమధ్యాహ్నం పరుగెత్తే పిల్లల్ని చూశాను, దయచేసి ఆ పని చేయవద్దు. మీరు పోయేది బెంగళూరు, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ మే నెల మనకంటే చల్లగానే ఉంటుంది. పొద్దున ఆరున్నరలోపు కష్టమైన పని ముగించండి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ రోజంతా తాగండి. బాగా చెమట పట్టిన రోజు లీటరు నీళ్లలో ఆరు సమతల చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. మూత్రం ముదురు పసుపులో ఉంటే నీళ్లు చాలలేదని అర్థం, కాఫీ రంగులో వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. ఎండలో ఎవరైనా తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే వెంటనే నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లు కుమ్మరించండి, అదే సమయంలో ఇంకొకరితో బండి పిలిపించండి, ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

---

ప్రొద్దుటూరు_ఫార్మసీ

బరువు పెరిగే మాత్రల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా. నేను మెడికల్ షాపులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా. ర్యాలీలు వస్తే చాలు, పిల్లలు వచ్చి చెవిలో అడుగుతారు. అట్లా ఇచ్చే వాటిలో ఎక్కువ భాగం రెండు రకాలు, ఒకటి అలర్జీకి వాడే సిప్రోహెప్టాడిన్, ఇంకొకటి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. మొదటిది ఆకలి పెంచుతుంది, దాంతోపాటు మత్తుగా ఉంచుతుంది, నాలుగున్నరకి లేవాల్సినవాడికి అది పనికిరాదు. రెండోది ఒంట్లో నీరు పట్టించి ముఖం ఉబ్బిస్తుంది, కండ వచ్చినట్టు కనిపిస్తుంది, నిజానికి కండనీ ఎముకనీ లోపల్నుంచి తినేస్తుంది. కొన్ని వారాలు వాడి ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది.

మా వీధిలో పిల్లవాడు ఒకడు వేరే చోట కొని వాడాడు. నెలకి చూస్తే చెంపలు గుండ్రంగా, కళ్లు సన్నగా అయిపోయి, మా అమ్మ వాణ్ణి గుర్తుపట్టలేదు. మెట్లెక్కితే తొడలు వణికేవి. మాన్పించడానికి డాక్టర్ డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రెండు నెలలు పట్టింది. తమ్ముడూ, ఎవరిచ్చినా తీసుకోవద్దు. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తడం కూడా అంతే, నొప్పి తెలియకుండా పోతుంది, పగులు మాత్రం పెద్దదవుతుంది.

---

నంద్యాల_అమ్మాయి

నేను మిలిటరీ పోలీస్‌లో మహిళా అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మేడమ్, నాకు హిమోగ్లోబిన్ 9.8 ఉంది, రెండు రౌండ్లు కొట్టగానే గుండె దడ. రోజూ బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నా, పెరగడం లేదు.

---

డైటీషియన్_అనంతపురం

అమ్మా, ఆడపిల్లలకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత. 9.8 నుంచి తిండితో మాత్రమే పెంచాలంటే చాలా కాలం పడుతుంది, బీట్‌రూట్‌లో మనం అనుకున్నంత ఐరన్ లేదు. డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర కనీసం మూడు నెలలు వాడాలి, నిమ్మరసంతో వేసుకోండి, టీ, పాలు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. నెలసరి రక్తస్రావం ఎక్కువుంటే అది కూడా దాచకుండా చెప్పండి, కారణం అక్కడే ఉండొచ్చు. లివర్, మాంసం, గుడ్లు తింటారంటే ఇంకా మంచిది. అప్పటిదాకా పరుగు వేగం పెంచకండి, దడ వస్తే ఆగిపోండి.

---

ఉరవకొండ_రన్నర్

అందరికీ పేరుపేరునా దండాలు. రాసిన రోజు రాత్రే బొటనవేలితో నొక్కి చూసుకున్నాను. ఒకే చోట కాదు, జానెడు పొడవునా ఉంది. అయినా భయమేసి నిన్న అనంతపురం పోయి ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నా. ఒంటికాలి మీద గెంతమన్నారు, పోటు రాలేదు. ఎక్స్‌రే క్లియర్. షిన్ స్ప్లింట్సే అన్నారు, కానీ ఇట్లాగే ఇంకో పదిహేను రోజులు పరుగెత్తి ఉంటే చెప్పలేమన్నారు. మూడు వారాలు పరుగు బంద్. విటమిన్ డి 14 ఉంది, వారానికొకటి సాచెట్ రాశారు.

మాత్రల ఆయనకి వద్దని చెప్పేశాను. పౌడర్ డబ్బులతో షూస్ తీసుకున్నా. అమ్మకి డైటీషియన్ మేడమ్ రాసింది చదివి వినిపిస్తే కాగితం మీద రాయించుకుని వంటింట్లో గోడకి అతికించింది, ఈ పొద్దు ఉలవలు నానబెట్టింది. నాన్న గుడ్ల అట్ట తెచ్చాడు.

ఒక్కటే డౌటు. మూడు వారాలు పరుగు లేకపోతే మిగిలేది నాలుగు వారాలే, లోపల మొదటి రోజుల్లో పరుగులో వెనకబడితే ఏమంటారు?

---

ఆదోని_జవాన్

ఏమీ అనరు తమ్ముడూ. మొదటి వారాల్లో అందరినీ కలిపి ఒకే స్పీడులో తీసుకెళ్తారు, సగం మంది నీకంటే వెనకే ఉంటారు. 5:24 కొట్టినవాడికి సైకిల్ తొక్కుతుంటే ఊపిరి ఎక్కడికీ పోదు. నొప్పి మళ్లీ వస్తే మాత్రం మొదటి రోజే ఉస్తాద్‌కి చెప్పి ఎంఐ రూమ్‌కి (అక్కడ డాక్టర్ చూసే గది) పో, నాలాగా ఐదో వారం దాకా ఆగవద్దు.

---

హవల్దార్_రిటైర్డ్_కడప

నల్ల ట్రంకు పెట్టెకి తాళాలు రెండు తీసుకో, కాటన్ సాక్సులు ఆరు జతలు, కాళ్లకి వేసే పౌడర్ ఒక డబ్బా. అమ్మ చేసిన చెనక్కాయ ఉండలు ఒక డబ్బా మాత్రమే, ఎక్కువ మోయకు, అక్కడ తిండి ఉంటుంది. చేరినాక ఒక ఉత్తరం రాయి అబ్బీ.